ఎలుక ఎడమ చెవి

ఎలుక పోయింది అక్టోబరులో ఒక శుక్రవారం, ఉదయం తొమ్మిది కావడానికి పది నిమిషాల ముందు. నిజానికి అంతకు చాలాముందే పోయి ఉండవచ్చు. నెరిడాకు తెలిసింది మాత్రం అప్పుడు.

ఆ ఉదయానికి ఆమె వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి ఆ ఎలుకకు ఒక ఆడ ఎలుకను జత చెయ్యాలి. పదింటికి దాని రక్తం మరో బొట్టు తీసి పరీక్షకు పెట్టాలి. పదిన్నరకు అందరితో పాటు టీ తాగాలి. కాన్‌బెర్రాలోని ఆ పరిశోధనశాలలో పదిన్నర టీకి రాకపోవడానికి రెండే కారణాలు ఒప్పుకునేవారు: సెలవు, మరణం.

అక్కడ చేసే పని చెప్పడానికి తేలికే. మగ ఎలుకలకు ఒక రసాయనం ఎక్కిస్తారు. అది వాటి సంతానానికి వెళ్లే జన్యువులను అక్కడక్కడా చెడగొడుతుంది. ఎక్కడ చెడగొట్టిందో ఎవరికీ తెలియదు. మునిమనవలు పుట్టేదాకా ఆగి, ఒక్కొక్కదాని చెవులకు గుర్తుగా చిల్లులు వేసి, ఒక్కో బొట్టు రక్తం తీసి, కణాలను లెక్కపెట్టే యంత్రంలో పోస్తారు. దాదాపు అన్నీ మామూలుగానే ఉంటాయి. ఎప్పుడో ఒకదాని రక్తంలో, రోగాలతో పోరాడే కణాల్లో ఒక జాతి మొత్తం కనిపించదు. దానికోసమే ఇదంతా. అలాంటి లోపంతోనే పుట్టి, జలుబు చేసినా ఆసుపత్రి పాలయ్యే పసిపిల్లలు ఉంటారు. ఎలుకలో ఏం చెడిందో తెలిస్తే ఆ పిల్లల్లో ఏం చెడిందో తెలియవచ్చు.

నెరిడా మూడేళ్లలో పదకొండు వేల ఎలుకల రక్తం చూసింది. రెండు వారాల కిందట ఒకదాని రక్తంలో, తెర మీద చుక్కలు మేఘంలా గుమిగూడవలసిన చోట ఏమీ లేదు. బి కణాలు అన్న జాతి మొత్తం ఖాళీ. అది నలుగురు అన్నదమ్ముల్లో ఒకడు. చెవుల చిల్లులను బట్టి వాళ్ల పేర్లు ఒకటి-ఒకటి, ఒకటి-రెండు, రెండు-ఒకటి, రెండు-రెండు. ముందు చెప్పేది ఎడమ చెవి, తరవాతది కుడి. ఖాళీగా ఉన్నది ఒకటి-రెండు రక్తం. వాడి అమ్మా నాన్నా అప్పటికే వయసు మీద పడి పోయారు. అంటే ఆ లోపాన్ని తరవాతి తరానికి ఇవ్వగలదని తెలిసిన ప్రాణి భూమి మీద వాడొక్కడే. నెరిడా ఫెలోషిప్ డిసెంబరుతో ముగుస్తుంది. ఒకటి-రెండు పిల్లల్ని కంటే దాన్ని ఇంకో మూడేళ్లు పొడిగిస్తారు. కనకపోతే గౌల్‌బర్న్‌లో అన్నయ్య టైర్ల షాపు ఉండనే ఉంది.

ఆ ఒకటి-రెండు ఉండవలసిన పెట్టె మీద తీగల మూత ఒక మూల వేలెడు పైకి లేచి ఉంది. లోపల రంపపు పొట్టు, నీళ్ల సీసా, సగం కొరికిన తిండి బిళ్ల ఉన్నాయి. ముందురోజు సాయంత్రం ఆ మూత వేసింది నెరిడాయే. వెయ్యడానికి ముందు వాణ్ణి చూస్తూ ఐదు నిమిషాలు నిలబడింది కూడా. చూడటం మీద పెట్టిన శ్రద్ధ మూత మీద పెట్టలేదు.

ఆమె ముందు చెయ్యవలసిన పని గ్లెనిస్‌కు చెప్పడం. ఎలుకల విభాగం మొత్తం గ్లెనిస్ చేతి కింద నడుస్తుంది. విభాగం గుమ్మం దగ్గర ఒక నల్లబల్ల ఉంది. ఎలుక తప్పించుకోకుండా ఎన్ని రోజులు గడిచాయో దాని మీద గ్లెనిస్ రోజూ ఉదయం సుద్దముక్కతో రాస్తుంది. ఆ రోజు అంకె ఎనిమిది వేల పదకొండు. ఆ అంకె చూశాక నెరిడా చెప్పలేకపోయింది. గది తలుపు మూసి, కింద సందులో కొక్కేనికి ఉన్న తువ్వాలు కుక్కి, లోపల మోకాళ్ల మీద పాకుతూ అరగంట వెతికింది. ఎలుక నల్లది. బల్లల కింద చీకటీ నల్లదే.

తొమ్మిదీ ఇరవైకి టార్చిలైటు కోసం ఆమె బయటికి పరుగెత్తేసరికి, కారిడార్ చివర గ్లెనిస్ కనిపించింది. ఎందుకా పరుగని అడిగింది.

"ఏం లేదు. కొంచెం ఒలికింది," అంది నెరిడా. "నేనే తుడుచుకుంటాను. ఆ గదిలోకి మాత్రం ఎవర్నీ రానివ్వకండి."

ఏదో ఒకటి చెప్పాలని చెప్పిన మాట అది. ఇంకే వారమైనా గ్లెనిస్ ఒక తుడుపు గుడ్డ చేతికిచ్చి వెళ్లిపోయేది. కానీ ఏడాదికి ఒకసారి వచ్చే ఆ రసాయనం సీసా గురువారమే వచ్చింది. సోమవారం ఎలుకలకు ఎక్కించాలి. చెంచాడు ఒలికితే అంతస్తు మూసెయ్యాలి. అది మనుషుల జన్యువులకూ ఎలుకల జన్యువులకూ తేడా చూపించదు. ఆ సీసా ఉన్న ఫ్రిజ్ సరిగ్గా ఆ గదిలోనే ఉంది.

"చేతికి తగిలిందా?" గ్లెనిస్ గొంతు మారింది.

నెరిడా తన చేతులు చూసుకుంది. పాకినందువల్ల రెండూ ఎర్రగా కందిపోయి ఉన్నాయి. "కొంచెం," అంది.

గ్లెనిస్ ఇంకో ప్రశ్న వెయ్యలేదు. గోడకున్న ఎర్ర బొత్తాం నొక్కింది. నెరిడాను భుజం పట్టుకుని కారిడార్‌లోని అత్యవసర షవరు కిందికి తోసి గొలుసు లాగింది.

"అది కాదు గ్లెనిస్, నేను చెప్పేది..."

"నోరు మూసుకుని తల వంచు, తల్లీ. కళ్లలో పడుతుంది."

సైరన్ మోగింది. నూట నలభై మంది మెట్లు దిగి పచ్చికలోకి వచ్చారు. అది మాగ్‌పై పిట్టలు గూళ్లు కట్టుకునే కాలం. గూటి దగ్గరికి వచ్చిన ప్రతి నెత్తినీ అవి శత్రువుగానే లెక్కవేస్తాయి. పచ్చిక పక్కనే ఉన్న యూకలిప్టస్ చెట్టు మీద ఒకటి కాపురం పెట్టిందని అందరికీ తెలుసు. రోజూ ఆ దారిన వెళ్లేవాళ్లు సైకిలు హెల్మెట్లు పెట్టుకుంటారు, లేనివాళ్లు కళ్లు గీసిన ఐస్‌క్రీం డబ్బాలు నెత్తిన బోర్లించుకుంటారు. సైరన్ మాత్రం డబ్బాలు తెచ్చుకునే వ్యవధి ఇవ్వలేదు.

వార్త మనిషి నుంచి మనిషికి నడిచింది. మొదటివాడికి చెంచాడు ఒలికింది. పదోవాడి దగ్గరికి వచ్చేసరికి సీసా పగిలింది. చెట్టుకు దూరంగా నిలబడ్డ, నెరిడా బృందానికి పెద్దయిన ప్రొఫెసర్ లాక్లన్ ట్వీడీని చేరేసరికి నెరిడాను అంబులెన్సు తీసుకుపోయింది. ఆయన మంచివాడు. ఆ మాట వినగానే అంబులెన్సు కోసం పరుగెత్తి, నేరుగా చెట్టు కింద నుంచి వెళ్లాడు. ఆయన తల బట్టతల. పిట్ట రెండుసార్లు వచ్చింది. రెండోసారి తరవాత ఎవరో జాలిపడి తమ ఐస్‌క్రీం డబ్బా ఆయన నెత్తిన పెట్టారు.

అప్పటికి భద్రతాధికారి డెస్ దిగాడు. డెస్‌కు ఆ ఉద్యోగంలో పదకొండేళ్లు. పదకొండేళ్లలో ఒక్క ప్రమాదమూ జరగలేదు. అది అతని జీవితంలో పెద్ద వెలితి. తల నుంచి కాలి దాకా తెల్లటి రక్షణ దుస్తులు, గాజు ముఖమున్న హెల్మెట్, చేతిలో పుస్తకం. షవరు కింద వణుకుతున్న నెరిడా, ఒలికింది రసాయనం కాదని, అసలు ఏమీ ఒలకలేదని అతనికి రెండుసార్లు చెప్పింది. డెస్ పుస్తకం తిప్పి, రసాయనం తగిలినవాళ్లు తమకేమీ కాలేదనే అంటారనీ, నమ్మకూడదనీ ఉన్న పేజీ ఆమెకు చూపించాడు. మరో పది నిమిషాలు నీళ్ల కిందే ఉంచమన్నాడు.

ఆ పది నిమిషాలూ అయ్యాక, ఒంటి మీద కాగితపు దుస్తులతో పచ్చిక అంచున కూర్చుని, నెరిడా గ్లెనిస్‌తో నిజం చెప్పింది.

"ఒలికింది ఏమీ లేదు. ఎలుక పోయింది."

దూరంగా పిట్ట ఇంకెవరి మీదికో దిగుతోంది.

"ఏ ఎలుక?"

"ఒకటి-రెండు."

"తలుపు?"

"వేశాను. కింద తువ్వాలు కుక్కాను."

"ఎవరి తువ్వాలు?"

"మీదే."

"అయితే అక్కడే ఉంటాడు," అంది గ్లెనిస్. "నాతో ముందే చెప్పాల్సింది."

"బల్ల మీద అంకె చూశాక నోరు రాలేదు."

"బల్ల నాది, ఎలుక నీది. నాది నేను చూసుకుంటాను."

ఆమె లేచి లోపలికి వెళ్లింది. గుమ్మం దగ్గర ఆగి, ఎనిమిది వేల పదకొండును అరచేత్తో తుడిచి, సున్నా పెట్టింది. సున్నాను కూడా గుండ్రంగా, శ్రద్ధగా పెట్టింది. ఎలుక గది దాటలేదు కనుక తప్పించుకున్నట్టు కాదని డెస్ ఆమెకు ధైర్యం చెప్పబోయాడు. పెట్టె దాటితే దాటినట్టే అంది గ్లెనిస్.

ఇక భవనం తెరవడమే అనుకున్నారు. అయితే ప్రమాదం జరిగిందని ప్రకటించడానికి డెస్ దగ్గర పత్రం ఉంది కానీ, జరగలేదని ప్రకటించడానికి లేదు. ఉన్న పత్రం ప్రకారం రక్షణ దుస్తులు వేసుకున్న ఇద్దరు లోపలికి వెళ్లి నేల శుభ్రం చేసి సంతకం పెట్టాలి. అందుకని గ్లెనిస్ కూడా ఆ తెల్లటి దుస్తులు తొడుక్కుంది. పోతూ పోతూ తన భోజనం డబ్బాలోంచి పళ్ల కేకు ముక్క ఒకటి తీసుకుంది. డబ్బాలో రెండు ముక్కలున్నాయి. భర్త మెర్విన్ పోయి ఎనిమిది నెలలైనా ఆమె చెయ్యి ఇంకా ఇద్దరికే కోస్తోంది.

లోపల ఇద్దరూ గంటసేపు చీపుళ్లతో బల్లల కింద కెలికారు. డెస్‌కు హెల్మెట్ గాజు మీద ఆవిరి పట్టి ఏమీ కనిపించలేదు. చివరికి దాన్ని తీసి నేల మీద వెల్లకిలా పెట్టి, తుడుచుకోవడానికి గుడ్డ వెతుక్కున్నాడు. గ్లెనిస్ గోడ పక్కన చల్లిన కేకు పొడి తినుకుంటూ వచ్చిన ఎలుక, దారిలో వెచ్చగా, గుండ్రంగా, మనిషి వాసనతో ఒక ఇల్లు కనిపించేసరికి అందులోకి ఎక్కి కూర్చుంది. గ్లెనిస్ హెల్మెట్ మీద అట్టముక్క మూసింది. పదకొండేళ్ల సర్వీసులో తన హెల్మెట్ ఒక ప్రాణాన్ని కాపాడినందుకు డెస్ కళ్లు చెమర్చాయి. ఆవిరి వల్ల అన్నాడు.

పన్నెండు దాటాక భవనం తెరిచారు. దొరికిన ఎలుక ఏదైనా సరే, చెవులు చూసి, రక్తం తీసి, అదే అని తేల్చుకున్నాకే పెట్టెలో పెట్టాలని గ్లెనిస్ నియమం. చెవులు చూస్తే ఎడమకు ఒకటి, కుడికి రెండు. నెరిడా ఒక బొట్టు రక్తం తీసి యంత్రం దగ్గరికి తీసుకెళ్లింది. టీ ఎలాగూ పోయింది కనుక సగం మంది ఆమె వెనకే వెళ్లారు.

తెర మీద చుక్కలు ఒక్కొక్కటే పడటం మొదలైంది. ఖాళీగా ఉండవలసిన చోట మొదట పది, తరవాత వంద. చూస్తుండగానే మేఘం పట్టింది. నిండుగా, ఆరోగ్యంగా, ఏ ఎలుకకైనా ఉండేటట్టు ఉంది.

వెనక నిలబడ్డవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. చివరికి గదిలో నెరిడా, ప్రొఫెసర్, గ్లెనిస్ మిగిలారు. ప్రొఫెసర్ నెత్తిన ఐస్‌క్రీం డబ్బా అలాగే ఉంది. దాని మీద గీసిన కళ్లు పైకప్పు వంక చూస్తున్నాయి.

సైన్సులో ఇలాంటివి జరుగుతుంటాయని ఆయన మెల్లగా చెప్పాడు. రెండు వారాల కిందట యంత్రమే పొరపాటు చేసి ఉంటుందనీ, ఆ కుటుంబాన్ని ఇక జాబితాలోంచి తీసెయ్యక తప్పదనీ అన్నాడు. నెరిడా తలూపింది. కాగితపు చొక్కా చెయ్యి అంచును మడిచి, విప్పి, మళ్లీ మడిచింది. అన్నయ్యకు ఫోను చెయ్యాలనుకుంది.

"యంత్రం తప్పు చేస్తే అన్నిటికీ చేస్తుంది," అంది గ్లెనిస్. "ఒక్కదానికే చెయ్యదు. ఆ రోజు రక్తం తీసింది నెరిడా. గొట్టాల మీద రాసింది నెరిడా. చెవులు చదివి చెప్పిందెవరు?"

"నేనే," అన్నాడు ప్రొఫెసర్. ఆ రోజు మనుషులు తక్కువై, పదిహేనేళ్ల తరవాత ఆయన స్వయంగా చేతొడుగులు వేసుకున్నాడు. ఆ సంగతి తరవాత చాలామందికి చెప్పుకున్నాడు కూడా. "చెయ్యి ఇంకా మరిచిపోలేదు."

"ఒకసారి పట్టుకుని చూపించు, లాక్లన్."

ఆయన ఎలుకను మెడ వెనక తోలు పట్టి నేర్పుగా పైకి లేపాడు. దాని ముఖం తన వైపు తిప్పుకుని, కళ్లద్దాలు సర్దుకుని చదివాడు.

"ఎడమ రెండు. కుడి ఒకటి." ఆగాడు. "ఇది రెండు-ఒకటి కదా. మీరు ఒకటి-రెండు అన్నారేమిటి?"

"ప్రొఫెసర్," అంది గ్లెనిస్. ఇరవై ఏళ్లలో ఆమె ఆయన్ని అలా పిలవలేదు. ఏదో జరిగిందని ఆయనకు దాన్ని బట్టే అర్థమైంది. "అది ఎవరి ఎడమ?"

ఆయన ఎలుక వంక చూశాడు. ఎలుక ఆయన వంక చూసింది.

"నాది," అన్నాడు చివరికి.

"ఎలుకకి కూడా ఒక ఎడమ ఉంటుంది, లాక్లన్. ఈ విభాగంలో దాన్నే లెక్కలోకి తీసుకుంటాం. వీపు మన వైపు ఉండాలి."

ముప్పయ్యేళ్ల కిందట ఆయన పని నేర్చుకున్న చోట అందరూ ముఖం చూసే చదివేవారు. ఒకటి-ఒకటిని ఎటు నుంచి చదివినా ఒకటే. రెండు-రెండూ అంతే. తారుమారైంది మధ్యలో ఇద్దరే. ఇద్దరూ ఒకే కుటుంబంలో ఉండటంతో ఎవరికీ అనుమానం రాలేదు. ఆ రోజు ఖాళీగా కనిపించిన రక్తం రెండు-ఒకటిది. రెండు వారాలుగా నెరిడా మురిసిపోయి, మేపి, పోగొట్టుకుని, నూట నలభై మందిని చెట్టు కిందికి తెచ్చి వెతికించినవాడు వట్టి మామూలు ఎలుక.

నెరిడా ముఖం మొదట వెలిగింది, ఆ వెంటనే పాలిపోయింది. మిగిలిన ముగ్గురు అన్నదమ్ములూ పనికిరారని, అరల్లో చోటు చాలడం లేదని, శుక్రవారం తొమ్మిదిన్నరకు వాళ్లను గ్యాసు పెట్టి తీసెయ్యమని ముందురోజు ఆమే సంతకం చేసి ఇచ్చింది. గోడ గడియారం ఒంటిగంటా పది చూపిస్తోంది.

ఆమె పరుగెత్తింది. కాగితపు దుస్తులు మోకాలి దగ్గర చిరిగాయి. వెనక నెత్తి మీది డబ్బా పట్టుకుని ప్రొఫెసర్. గ్లెనిస్ మాత్రం నడిచే వచ్చింది. రాసిచ్చిన పనిని గ్లెనిస్ వాయిదా వెయ్యడం ఆ విభాగంలో ఎవరూ ఎరగరు. అందుకే ఆ నడక చూసి నెరిడాకు ఆశ పూర్తిగా పోయింది.

కారిడార్ చివరి గదిలో, గ్యాసు బల్ల మీద, మూత వేసిన పెట్టె ఉంది. పక్కనే ఒక చేతొడుగు సగం తిరగబడి పడి ఉంది. పెట్టెలో ముగ్గురు అన్నదమ్ములు. ఒకడు నిద్రపోతున్నాడు. ఒకడు మూడోవాడి చెవి నాకుతున్నాడు.

"గ్యాసు కుళాయి మీద చెయ్యి వేశాను," అంది గ్లెనిస్ గుమ్మంలో నిలబడి. "అప్పుడే నువ్వు కారిడార్‌లో పరుగెత్తడం కనిపించింది."

నెరిడా బల్ల పట్టుకుని నిలబడింది. చాలాసేపటి దాకా చెయ్యి వదల్లేదు.

"నడిచి వచ్చారేం?" అంది చివరికి.

"పరుగెత్తితే ఎలుకలు బెదురుతాయి," అంది గ్లెనిస్. "కుళాయి కట్టేసే ఉందని చెప్పడానికి నువ్వు ఆగితే కదా."

చెవి నాకించుకుంటున్నవాడే రెండు-ఒకటి. గ్లెనిస్ వీపు తన వైపు పెట్టి చదివింది. తరవాత నెరిడా చదివింది. తరవాత ఇద్దరూ కలిసి ప్రొఫెసర్ చేత చదివించారు. వాడి రక్తం పోస్తే యంత్రం తెర మీద అన్ని చోట్లా చుక్కలు పడ్డాయి, ఒక్క చోట తప్ప. ఆ ఖాళీని ముగ్గురూ, కిటికీలోంచి కనిపించే కొండను చూసినట్టు, తీరిగ్గా చూశారు. ప్రొఫెసర్ నెత్తి మీది డబ్బా తీసి చంకలో పెట్టుకున్నాడు. ముందురోజు నెరిడా మూత సరిగ్గా వేసి ఉంటే ఏమయ్యేదో ఆయన చెప్పబోయి, ఆ మాట ఎటు దారితీస్తుందో గ్రహించి మానేశాడు.

మూడింటికి రెండు-ఒకటిని ఆడ ఎలుకతో కొత్త పెట్టెలో పెట్టారు. మూత నెరిడా వేసింది. గ్లెనిస్ నొక్కి చూసింది. ప్రొఫెసర్ కూడా నొక్కబోతే చెయ్యి తీయమంది. నాలుగింటికి, ఆ సంస్థ చరిత్రలో ఎప్పుడూ లేనట్టుగా, పదిన్నర టీ పెట్టారు. పచ్చిక మీదే, చెట్టుకు అవతలి పక్క కూర్చున్నారు. ఒకటి-రెండుకు కూడా ఒక పెట్టె, జీవితాంతం తిండి మంజూరయ్యాయి. ఆ ఎలుక చేసిన మేలు ఏ పత్రంలో రాయాలో డెస్‌కు తెలియక తన సొంత పుస్తకం చివరి పేజీలో రాసుకున్నాడు. నెరిడా అన్నయ్యకు ఫోను చేసింది, ఊరికే, ఎలా ఉన్నావని.

రెండు-ఒకటి జన్యువుల రాతలో చెడిపోయిన అక్షరం ఏదో ఇంకా కనుక్కోవాలి. ఎలుకలో ఉన్న అక్షరాలు రెండువందల డెబ్బై కోట్లు.